చల్లటి బండిలో వేడి వెతికిన మేస్త్రి

హైడ్రాలిక్ ఆయిల్ కాగిపోతోందని మా బావ ఫోన్ చేస్తే మేస్త్రి రెండే మాటలు అడిగాడు. "రాత్రంతా బండిని నీడన ఉంచగలరా? పొద్దున నేనొచ్చేదాకా ఎవరూ స్టార్ట్ చెయ్యకుండా చూడగలరా?"

మా బావకు ఒళ్ళు మండింది. రోహిణి కార్తె, ఇంకా పదెకరాల వేసవి దుక్కి మిగిలి ఉంది. బండి కాగుతున్నప్పుడు వచ్చి చూడాలి గానీ చల్లారాక ఏం చూస్తాడని గొణిగాడు. నాకూ అలాగే అనిపించింది. మర్నాడు అయిదింటికి, ఇంకా పూర్తిగా తెల్లవారకముందే, మేస్త్రి సైకిలు మీద వచ్చాడు. పానాల సంచి విప్పలేదు. ట్రాక్టరు నడుము మీద, అంటే సీటు కింది గూడు మీద, గేరుబాక్సు మీద, వెనక ఇరుసు గొట్టాల మీద వరసగా అరచెయ్యి ఆనించి చూసి, "బాగుంది, అంతా ఒకటే చల్లన" అన్నాడు. ఆ పని ఎంత బాగా చేశాడో పాఠకులకు చూపించడానికే ఈ వ్యాసం.

బండి పాతది. ఫెర్గూసన్ పద్ధతి హైడ్రాలిక్‌తో వచ్చిన రకం. జబ్బు ఇలా ఉండేది. పొద్దున తొమ్మిది పళ్ళ గొర్రును అలవోకగా ఎత్తుతుంది. పది గంటలయ్యేసరికి ఎత్తిన గొర్రు ఎక్కిళ్ళు పెట్టినట్టు కిందికి జారి, మళ్ళీ పైకి ఎగురుతూ ఉంటుంది. మధ్యాహ్నానికి గట్టిగా రేజ్ ఇస్తే తప్ప లేవదు. సీటు కింది ఇనుము మీద కాలు పెట్టలేం. ముందురోజు మధ్యాహ్నం నేను ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గురిపెడితే నడుము దగ్గరి పక్క మూత మీద 94 డిగ్రీలు చూపించింది. అప్పటికే ఇద్దరు చూశారు. ఒకాయన పంపు పోయిందన్నాడు. ఇంకొకాయన ఆయిల్ పలచబడిందని తేల్చి చిక్కటి గేరాయిల్ పోయించాడు. ఊళ్ళో వాళ్ళు మాత్రం, రోళ్ళు పగిలే ఎండలో బండి కాగక ఏం చేస్తుందని ఎండ మీదకు తోసేశారు.

మేస్త్రి ఎదురు ప్రశ్న వేశాడు. "ఎండే అయితే ఇంజను, గేరుబాక్సు, ఇరుసు, అన్నీ ఒకేలా కాగాలి. నడుము ఒక్కటే ఎందుకు కాగుతోంది?" చల్లటి బండి ఎందుకు కావాలన్నాడో అప్పుడు నాకు అర్థమైంది. కాగిపోయిన ట్రాక్టరులో నడుము చుట్టూ ఇనుమంతా దాదాపు ఒకటే వేడి. అందులో వేడి ఎక్కడ పుట్టిందో ఏ చెయ్యీ చెప్పలేదు. చల్లటి బండిలో మొదటి అయిదు పది నిమిషాల్లో వేడి ఎక్కడ పుడితే అక్కడే కనిపిస్తుంది, ఇంకా పాకదు.

అసలు ఆయిల్ ఎందుకు కాగుతుంది? ఒత్తిడిలో ఉన్న ఆయిల్ బరువు ఎత్తితే దాని శక్తి ఆ బరువులోకి పోతుంది. ఏ పనీ చెయ్యకుండా ఇరుకు సందులోంచి బయటపడితే మాత్రం ఆ శక్తంతా వేడి కావలసిందే, మరో దారి లేదు. లెక్క కట్టి చూడండి. 170 బార్ ఒత్తిడిలో ఉన్న ఆయిల్ రిలీఫ్ వాల్వు గుండా ఒక్కసారి ఊరికే జారిపోతే, ఆ ఒక్క దాటుకే సుమారు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. నిమిషానికి 12 లీటర్ల చొప్పున అలా పోతుంటే అది 3.4 కిలోవాట్లు. ఇంట్లో స్నానాల గదిలో ఉండే గీజరు 2 కిలోవాట్లదైతే, దానికి ఒకటిన్నర రెట్లకు మించిన గీజరు సీటు కింద ఊరికే మండుతున్నట్టు. దీన్ని ఏ మీటరూ చూపించదు. డీజిల్ మాత్రం తాగుతుంది.

కాబట్టి కాగే హైడ్రాలిక్‌లో వెతకవలసింది ఒక్కటే. పని చెయ్యకుండా ఒత్తిడి ఎక్కడ పడిపోతోంది?

ఈ ప్రశ్నకు ఫెర్గూసన్ బండిలో జవాబు తేలిగ్గా దొరకాలి. ఎందుకంటే ఆ పంపును కట్టిందే ఊరికే ఆయిల్ తోయకుండా ఉండటానికి. ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళక తప్పదు, ఎందుకంటే మేస్త్రి పనితనానికి పునాది అక్కడుంది.

హ్యారీ ఫెర్గూసన్ ఉత్తర ఐర్లండులో డౌన్ కౌంటీ రైతు కొడుకు. 1884లో పుట్టాడు. 1909లో తాను కట్టుకున్న విమానంలో తానే ఎగిరినవాడు. తర్వాత నాగలినీ ట్రాక్టరునూ వేరువేరు వస్తువులుగా కాక ఒకే వస్తువుగా చూశాడు. మూడు చోట్ల తగిలించే లింకులు, వాటిని ఎత్తే హైడ్రాలిక్, నేల బిగువును టాప్ లింకు ద్వారా పసిగట్టి నాగలి లోతును తానే సరిచేసుకునే ఏర్పాటు, ఇవన్నీ ఆయన పేరు మీద నిలిచాయి. 1936లో ఇంగ్లండులో ఫెర్గూసన్-బ్రౌన్ ట్రాక్టరు వచ్చింది. 1938లో అమెరికాలో హెన్రీ ఫోర్డుతో కాగితం లేకుండా చేతిలో చెయ్యి వేసి ఒప్పందం చేసుకున్నాడు. మరుసటి ఏడాదే ఆ ఇద్దరి 9ఎన్ బండి బజారులోకి వచ్చింది.

ఆ హైడ్రాలిక్‌లో నన్ను కట్టిపడేసింది కంట్రోల్ వాల్వు ఉన్న చోటు. మామూలుగా ఎవరైనా పంపు డెలివరీ వైపు వాల్వు పెడతారు. పంపు తిరుగుతూనే ఉంటుంది, ఆయిల్ వస్తూనే ఉంటుంది, అవసరం లేనప్పుడు దాన్ని మళ్ళీ తొట్టిలోకి వదిలేస్తాం. ఫెర్గూసన్ వాల్వును సక్షన్ వైపు పెట్టాడు. మనకు తెలిసిన లెక్కలో చెప్పాలంటే, నీళ్ళను చేలోకి వదిలి, ఎక్కువైతే మురుగు కాలవలోకి తోడటం ఒక పద్ధతి. తలతూము దగ్గరే పలక దించడం ఇంకో పద్ధతి. ఫెర్గూసన్‌ది రెండోది. తూము మూస్తే పంపు తిరుగుతున్నా దాని నోట్లోకి ఆయిల్ రాదు, రానిదాన్ని తోయడమూ ఉండదు. పని లేనప్పుడు వేడీ లేదు.

ఈ చిట్కా మీది పేచీ కోర్టు దాకా వెళ్ళింది. ఫోర్డు మనవడి కాలంలో ఆ మాట మీది ఒప్పందం తెగిపోయాక ఫెర్గూసన్ దావా వేశాడు. 1952లో రాజీ కుదిరి ఫోర్డు కంపెనీ 92.5 లక్షల డాలర్లు కట్టింది. సక్షన్ వైపు వాల్వు పెట్టే పద్ధతిని మానుకోవడానికి కూడా ఒప్పుకుంది. 1953లో వచ్చిన ఫోర్డు కొత్త బండికి పంపును వేరే చోట, వేరే పద్ధతిలో కట్టుకోవలసి వచ్చింది. ఈలోగా ఫెర్గూసన్ తన బండిని 1946 నుంచి ఇంగ్లండులోని కోవెంట్రీలో తయారు చేయించాడు. టీఈ20 అనే ఆ బూడిదరంగు బండ్లు 5 లక్షలకు పైగా వచ్చాయి. 1953లో మాసీ-హారిస్‌తో కలిశాక 1956లో 35 రకం వచ్చింది. 1960లో మద్రాసులో టాఫే మొదలయ్యాక ఆ వంశం మన పొలాల్లో దిగింది. గోదావరి ఆయకట్టులో ముసలి డ్రైవర్లకు ఆ సీటు కింది చప్పుడు ఇప్పటికీ గుర్తే.

పంపు ఎక్కడో బయట వేలాడదు. నడుము గూట్లో, గేర్లు మునిగే ఆయిల్‌లోనే అదీ మునిగి ఉంటుంది. పీటీవో ఇరుసు దాన్ని తిప్పుతుంది. అందుకే పీటీవో లివర్ తీసేస్తే లిఫ్టు కూడా చచ్చిపోతుంది. ఎదురెదురుగా రెండు జతలు, మొత్తం నాలుగు పిస్టన్లు. 35 రకంలో మరో సొగసు ఉంది. తూము లాంటి ఆ కంట్రోల్ వాల్వు ఒకే చోట ఊరుకుంటే మడ్డి పట్టి అతుక్కుపోతుందని, ఇరుసు తిరిగినంతసేపూ దాన్ని వెంట్రుకవాసి ముందుకూ వెనక్కీ వణికించే చిన్న ఏర్పాటు పెట్టారు. పసిబిడ్డను ఊపుతున్నట్టు ఆ వాల్వును ఊపుతూనే ఉంటుంది. ఇంతటి ఆలోచన చేసినవాళ్ళు మన దగ్గర పోసే గేరాయిల్‌ను ఊహించి ఉండరు.

మళ్ళీ మేస్త్రి దగ్గరికి.

ఇంజను స్టార్ట్ చేసి, గొర్రును పైకెత్తి, లివర్ను మా బావ రోజూ పెట్టే చోటే పెట్టమన్నాడు. మా బావ లివర్ను చివరిదాకా తోశాడు. మేస్త్రి ఏమీ అనలేదు. పొడుగాటి స్క్రూ డ్రైవర్ మొనను పక్క మూతకు ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు ఆనించుకుని నిలబడ్డాడు. నన్నూ వినమన్నాడు. గేర్ల గరగర వెనక సన్నటి జుయ్‌మనే కూత ఉంది. తర్వాత తనే లివర్ను రెండు వేళ్ళ వెడల్పు వెనక్కి లాగాడు. గొర్రు కదల్లేదు గానీ కూత ఆగిపోయింది. మళ్ళీ ముందుకు తోశాడు, మళ్ళీ వచ్చింది. మూడుసార్లు అలా చేసి, లివర్ను ముందుకే ఉంచి, ఎనిమిది నిమిషాలు ఆగాడు.

అప్పుడు చెయ్యి పెట్టాడు. గేరుబాక్సు చల్లగానే ఉంది. ఇరుసు గొట్టాలు చల్లగానే ఉన్నాయి. నడుము పక్క మూత గోరువెచ్చన. నా థర్మామీటర్ లెక్కలో గేరుబాక్సు 31, పక్క మూత 40. నా థర్మామీటరుకూ ఆయన చేతికీ ఒక చోట మాత్రం పొసగలేదు. రంగు పోయి మెరుస్తున్న ఇనుప చప్టా ఒకదాని మీద నా థర్మామీటర్ 32 అంది. మేస్త్రి చెయ్యి పెట్టి, "ఇది తప్పు చెబుతోంది బాబూ, ఇది కూడా మూతంత వేడే" అన్నాడు. ఆయన మాటే నిజం. మెరిసే లోహం మీద ఆ రకం థర్మామీటర్లు తక్కువ చూపిస్తాయి. ఆ సంగతి నేను పుస్తకంలో చదివినవాణ్ణే, కానీ గుర్తు పట్టింది ఆయన అరచెయ్యి. చప్టా మీద నల్ల టేపు ముక్క అంటించి చూస్తే 39 చూపించింది.

చెరువు అలుగు పారినట్టు రిలీఫ్ వాల్వు పారుతోందన్నమాట. ఎందుకు పారుతోంది? వాల్వు చెడి కాదు. లివర్ ఉన్న చోటు వల్ల. ఆ రకం బండి లివర్ పలక మీద లిఫ్టు పూర్తిగా లేచే గుర్తు దాటాక ఇంకొంత చోటు ఉంటుంది. ఎత్తి ఒంపే ట్రాలీ లాంటి బయటి పనులకు పంపు ఆగకుండా ఆయిల్ తోయాలి కాబట్టి, తూమును పూర్తిగా తెరిచి ఉంచే చోటది. ట్రాలీ లేకుండా లివర్ అక్కడికి వెళ్ళకూడదు. దానికి అడ్డంగా ఉండవలసిన ఆపుడు బోల్టు ఈ బండిలో లేదు. ఏదో ఒక సీజనులో ట్రాలీకి సులువుగా ఉంటుందని ఎవరో తీసేసి ఉంటారు. అప్పటి నుంచి గొర్రు ఎత్తి ఊరి నుంచి పొలానికి, పొలం నుంచి పొలానికి పోతున్నంతసేపూ పంపు తన బలమంతా పెట్టి గోడను తోస్తోంది. వేడి పుట్టకుండా ఫెర్గూసన్ కట్టిన యంత్రాన్ని ఒక్క బోల్టు తీసి గీజరు చేసేశారు.

ఎక్కిళ్ళ సంగతి ఇంకా తేలలేదు. ఇంజను ఆపి, గొర్రును గాల్లో ఉంచి, లిఫ్టు చెయ్యి పక్కన సుద్దముక్కతో గీత గీశాడు. పావుగంటలో గొర్రు నాలుగు వేళ్ళు దిగింది. లోపల ఎక్కడో కారుతోంది. కారినకొద్దీ గొర్రు దిగుతుంది, దిగిందని వాల్వు తెరుచుకుంటుంది, పంపు మళ్ళీ నింపుతుంది. అదే ఎక్కిలి. ఆయిల్ కాగి పలచబడితే కారుడు పెరుగుతుంది, కారుడు పెరిగితే ఇంకా కాగుతుంది. మధ్యాహ్నానికి మొరాయించడం ఇందుకే.

ఇక్కడ చాలామంది సీటు పీకి, లిఫ్టు కవరు మొత్తం లేపుతారు. అది ఇద్దరు మనుషులకు లొంగని బరువు. పైగా దాన్ని తిరిగి దించేటప్పుడు కవరు నుంచి వేలాడే లివర్లు రెండూ పంపు వాల్వు దగ్గరి రోలర్లకు సరైన వైపున కూర్చోకపోతే కొత్త జబ్బు మొదలు. మేస్త్రి కవరు జోలికి పోలేదు. కొంత ఆయిల్ దించి, డిప్‌స్టిక్ ఉండే కుడి పక్క మూత విప్పాడు. గొర్రును మళ్ళీ ఎత్తించి, ఇంజను నెమ్మదిగా తిప్పుతూ, టార్చి లోపలికి కొట్టాడు. చెయ్యి మాత్రం పెట్టలేదు, నన్నూ పెట్టనివ్వలేదు. అంత ఒత్తిడిలో వచ్చే సన్నటి ధార చర్మాన్ని సూదిలా చీల్చి లోపలికి పోతుంది. గాయం చిన్న చుక్కలా కనిపించినా ఆస్పత్రికి పరుగెత్తవలసిన విషయం. అట్టముక్కను కర్రకు కట్టి అటూ ఇటూ కదిపాడు. పంపు నుంచి పైకి పోయే నిలువు పైపు అడుగున అట్ట తడిసింది. పైన సిలిండరు నోటి దగ్గర పొడిగానే ఉంది.

"కవరు లేపక్కర్లేదు. పైపు పైనుంచే వస్తుంది" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో కనిపించిన తృప్తి నేను చాలామంది పెద్ద డాక్టర్ల ముఖాల్లో చూడలేదు.

పైన మూత బోల్టులు విప్పి, పైపును లాగకుండా మెలితిప్పుతూ బయటికి తీశాడు. అడుగున ఉన్న ఓ-రింగు ఒక పక్క చదునై, గట్టిపడి ఉంది. వేళ్ళ మధ్య వంచితే పుటుక్కున విరిగింది. ఉడికిన రబ్బరు అంతే. కొత్తది వెంటనే ఎక్కిస్తాడనుకున్నాను. గంటన్నర పట్టింది. పైపు గాడిని డీజిల్‌తో కడిగి, పోగులు ఊడని పాత పంచె ముక్కతో తుడిచాడు. గాడి అంచు మీద గోరు పోనిచ్చి చుట్టూ తిప్పాడు. ఒక చోట గోరు ఆగింది. ఎమెరీ కాగితం చివర మడిచి ఆ ఒక్క చోటే రుద్ది, మళ్ళీ గోరు తిప్పాడు. ఆ గరుకు, పైపును మొదటిసారి ఎక్కించినవాడు సుత్తితో కొట్టినప్పటిదని ఆయన అభిప్రాయం. కొత్త ఓ-రింగును, దాని వెనక ఆసరా రింగును శుభ్రమైన ఆయిల్‌లో ముంచి, స్క్రూ డ్రైవర్ ముట్టకుండా, వేళ్ళతోనే గాడిలోకి జరిపాడు. రింగు మెలిపడలేదని అచ్చు గీత చూసి రూఢి చేసుకున్నాడు. తర్వాత పైపును నొక్కకుండా తిప్పుతూ దించాడు. దించి, మళ్ళీ పైకి తీసి చూశాడు. రబ్బరు చెక్కు ఊడిందా అని. ఊడలేదు. అప్పుడే బోల్టులు బిగించాడు.

ఆ రెండోసారి తీసి చూడటం ఏ మాన్యువల్‌లోనూ ఉండదనుకుంటాను. నా దృష్టిలో ఆ రోజు పనిలో గొప్ప క్షణం అదే.

చిక్కటి గేరాయిల్ మొత్తం దించేయించాడు. సక్షన్ దగ్గర తూము పెట్టిన పంపుకు చిక్కటి ఆయిల్ ఎందుకు పనికిరాదో మా బావకు చెప్పిన తీరు బాగుంది. "గంజిని గొట్టంతో పీల్చి చూడండి బాబూ, మీకే తెలుస్తుంది." పీల్చడానికి అందకపోతే పంపులో బుడగలు పుడతాయి, బుడగలు పగులుతూ లోహాన్ని తింటాయి. బండి పుస్తకంలో రాసిన గ్రేడు తెప్పించి డిప్‌స్టిక్ గీత దాకా పోయించాడు, పైకి పోనివ్వలేదు. పనిలో పనిగా పంపు నోటి జాలి కడిగాడు. పాత ఆయిల్ పాలలా తెల్లబడలేదు గానీ మాడు వాసన వేసింది.

ఒక్క విషయంలో మేస్త్రితో నాకు పేచీ ఉంది. ఒత్తిడి గేజి ఆయన సంచిలో ఉంది, కానీ వాడలేదు. గొర్రు ఎత్తగలిగింది కాబట్టి ఒత్తిడి ఉన్నట్టే అన్నాడు. మామూలు గొర్రుకు అది చాలు, కానీ రిలీఫ్ వాల్వు ఎంత దగ్గర తెరుచుకుంటోందో దానివల్ల తెలియదు. ఇన్నాళ్ళు అలుగు పారిన వాల్వును ఒకసారి కొలిచి ఉండవలసింది. అడిగితే నవ్వి, "వచ్చే సీజనుకు" అన్నాడు.

ఇంజను నుంచి గేరు పంపు తిరిగే ఇతర రకాల బండ్లలో ఈ వెతుకులాట వేరుగా ఉంటుంది. అక్కడ ఆయిల్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి కొంత వేడి సహజం. వాటిలో ముందు చూడవలసినవి మధ్యకు తిరిగి రాని వాల్వు స్పూలు, బయటి పైపుల లివర్ తెరిచి మరిచిపోవడం, కూలర్ ఉంటే దానికి పట్టిన పొట్టు. అయినా చల్లగా ఉండగా మొదలుపెట్టి, మొదట ఎక్కడ వెచ్చబడుతుందో చూడటం అన్నిటికీ పనికొస్తుంది.

ఆపుడు బోల్టుకు సరిపడేది మేస్త్రి సంచిలో దొరికింది. లివర్ పలక మీద దాన్ని బిగించి, ట్రాలీ కట్టినప్పుడు తప్ప ముట్టొద్దని చెప్పి, పైన ఎర్ర రంగు పూశాడు. ఆ మధ్యాహ్నం రెండు గంటల దుక్కి తర్వాత పక్క మూత మీద 63 డిగ్రీలు ఉంది. ఇంజను ఆపి గొర్రును గాల్లో వదిలితే సుద్దగీత నుంచి గంటలో వేలు మందం కూడా దిగలేదు.